కుందేళ్ళకి సోర్ హాక్స్: మందు కన్నా ముందు నేల మార్చాలి



కుందేళ్ళు పెంచేవాళ్ళ నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "వెనక కాలి కింద వెంట్రుకలు ఊడిపోయి పుండు పడింది, ఏం రాయమంటారు?" అని. అడిగేవాళ్ళలో ఎరువు కోసం, మూత్రం కోసం పది పన్నెండు కుందేళ్ళు పెట్టుకున్న రైతులున్నారు. పిల్లలు ముచ్చటపడ్డారని ఇంట్లో ఒక జత పెంచుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ జవాబు ఒకటే. పాదం ఎలా తిప్పి చూడాలి, కట్టు ఎలా కట్టాలి అన్నది పైన వీడియోలో ఉంది. కొలతలు, మోతాదులు, వాడకూడనివి వీడియో చూస్తూ రాసుకోవడం కష్టం కాబట్టి అవన్నీ ఇక్కడ వరసగా పెట్టాను.

ఒక మాట ముందే చెప్తా. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, పశువైద్యం కాదు. అందుకే ఇంట్లో మనం చేసుకోగలిగింది ఎంతవరకు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి అనేది ఎక్కడికక్కడ విడిగా చెప్తాను.

అసలు ఇది ఎందుకొస్తుంది?

కుక్క పాదం, పిల్లి పాదం తిప్పి చూడండి. కింద మెత్తటి దిండ్లలాంటి ప్యాడ్లు ఉంటాయి. కుందేలుకి అవి లేవు. దాని పాదానికి ఉన్న రక్షణ దట్టమైన వెంట్రుకలు మాత్రమే. ఆ వెంట్రుకల కింద పల్చటి చర్మం, దాని కిందే ఎముక.

మెత్తటి మట్టిలో తిరిగేటప్పుడు కుందేలు గోళ్ళు నేలలోకి దిగుతాయి, బరువు వేళ్ళ మీద కూడా పడుతుంది. గట్టి నేల మీద గోళ్ళు దిగవు. పైగా పెరిగిపోయిన గోళ్ళు వేళ్ళని పైకి లేపేస్తాయి. అప్పుడు బరువంతా వెనక్కి, మడమ వైపుకి జరుగుతుంది. కూర్చున్నంతసేపూ అదే చోట ఎముకకీ నేలకీ మధ్య చర్మం నలుగుతుంది. నలిగిన చోటికి రక్తం సరిగా అందదు. ముందు వెంట్రుకలు పోతాయి, తర్వాత చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పగులుతుంది. ఆ పగులులోంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. ఎక్కువగా వెళ్ళేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా.

ఇంట్లో పెద్దవాళ్ళు నెలల తరబడి మంచాన పడితే వీపు కింద, మడమల కింద పుండ్లు పడతాయి చూడండి, ఇదీ దాదాపు అలాంటిదే. అక్కడ ఎంత మంచి ఆయింట్‌మెంట్ రాసినా పక్కకి తిప్పి పడుకోబెట్టకపోతే మానదు. ఇక్కడా అంతే. మొక్క ఆకు పసుపు పడితే మనం ఆకు మీద ఏం కొట్టాలి అని కాకుండా నేలలో ఏం తగ్గింది అని చూస్తాం కదా. కుందేలు పాదం విషయంలో కూడా ఆ అలవాటే పనికొస్తుంది. పుండు కనబడేది పాదంలో, జబ్బు ఉండేది నేలలో.

ఏ కుందేళ్ళకి ఎక్కువ వస్తుంది?

మన దగ్గర ఎక్కువగా పెంచే వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా, న్యూజిలాండ్ వైట్ అన్నీ బరువైన జాతులే. బాగా పెరిగినవి నాలుగు కేజీలు దాటతాయి. ఆ బరువు మెష్ తీగల మీద పడుతుంది. రెక్స్ జాతికి మామూలుగానే పాదాల కింద వెంట్రుకలు పల్చగా ఉంటాయి, వాటికి ఇంకా తొందరగా వస్తుంది. వీటితో పాటు,

- కొవ్వు పట్టినవి, ఎప్పుడూ కేజ్‌లోనే ఉండి కదలనివి
- చూలు ఆడవి, వయసు మీరినవి
- గోళ్ళు పెరిగిపోయినవి
- కుక్కలు, పిల్లుల భయంతో రాత్రంతా వెనక కాళ్ళతో దబదబా కొట్టేవి
- తడి నేల మీద, మూత్రం నిలిచే చోట ఉండేవి

ఈ చివరిది మనం తక్కువ అంచనా వేస్తాం. కుందేలు మూత్రం క్షార గుణం ఉన్నది, నిలవుంటే అమ్మోనియా వస్తుంది. తడిలో నానిన చర్మం మెత్తబడి తొందరగా చీలుతుంది. ఎండాకాలం చల్లదనం కోసం షెడ్డులో ఫాగర్లు పెట్టి, తడి గోనెలు పరిచి, ఎండదెబ్బ తప్పించామనుకుంటాం. కానీ కింద నేల రోజంతా తడిగా ఉండిపోతుంది. చల్లదనం పైకప్పుకీ, పక్కన కట్టిన పరదాలకీ ఇవ్వండి. కేజ్‌లో అయితే నీళ్ళు గడ్డకట్టించిన బాటిల్‌ని పొడి గుడ్డలో చుట్టి పెట్టండి, గుడ్డ తడిస్తే మార్చండి. కుందేలు కూర్చునే చోటు మాత్రం పొడిగానే ఉండాలి.

ఎలా చూడాలి, ఏ దశలో ఉందో ఎలా తెలుసుకోవాలి?

కుందేలు నొప్పిని దాచుకునే జీవి. కుంటడం మొదలుపెట్టిందంటే అప్పటికే ముదిరిందని అర్థం. కాబట్టి వారానికి ఒక రోజు పెట్టుకుని ప్రతి కుందేలు పాదాలూ తిప్పి చూడాలి.

చెవులు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టి ఎత్తండి. మీరు కింద కూర్చుని దాని వీపు మీ పొట్టకి ఆనించి పట్టుకోండి. వెనక కాళ్ళతో గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగే ప్రమాదం ఉంది. గింజుకుంటుంటే వదిలేసి, తువ్వాలు చుట్టి, ఇంకో మనిషి సాయంతో మళ్ళీ చూడండి.

మొదటి దశ: మడమ కింద రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు పల్చబడటం లేదా పోవడం. చర్మం చిక్కగా, పొడిగా ఉంటుంది. నొప్పి ఉండదు. ఇక్కడే పట్టుకుంటే నేల మార్చడంతోనే ఆగిపోతుంది.

రెండో దశ: చర్మం ఎర్రబడటం, వాపు, పొలుసులు, సన్నటి పగుళ్ళు. ముట్టుకుంటే కాలు లాక్కుంటుంది.

మూడో దశ: తెరిచిన పుండు, రక్తం, పక్కు కట్టడం. కుందేలు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉంటుంది, ముడుచుకుని కూర్చుంటుంది, పళ్ళు నూరుతుంది, మేత తగ్గిస్తుంది.

నాలుగో దశ: చీము, గడ్డ, దుర్వాసన. ఇన్‌ఫెక్షన్ లోపలికి, ఎముకలోకి దిగుతుంది. ఇక్కడికి వస్తే నయం కావడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు కాకపోవచ్చు కూడా.

గజ్జితో పొరబడకండి. గజ్జి అయితే ముక్కు మీద, చెవుల అంచుల్లో, వేళ్ళ మధ్య తెల్లటి పొక్కులు కడతాయి, బాగా గోక్కుంటుంది, పక్క కుందేళ్ళకి అంటుతుంది. సోర్ హాక్స్ పాదం కింది భాగంలో, ఎక్కువగా రెండు వెనక కాళ్ళకీ వస్తుంది. రెండింటికీ వైద్యం వేరు.

మొదటి పని: నేల మార్చడం

పుండు కనబడిన రోజే ఇది చెయ్యాలి, రేపటికి వాయిదా వెయ్యొద్దు.

మెష్ కేజ్ ఉంటే దాన్ని తీసి పారేయక్కర్లేదు. పెంటికలు, మూత్రం కిందకి పోయి శుభ్రంగా ఉండటం మెష్‌తో వచ్చే లాభం. కానీ కింది మెష్ కనీసం 14 గేజ్ ఉండాలి. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, సన్నటి తీగ పాదాన్ని కోస్తుంది. గళ్ళు అర అంగుళం × అర అంగుళం, లేదా అర అంగుళం × అంగుళం కన్నా పెద్దవి వద్దు. తుప్పు పట్టిన చోట, అతుకు ఊడి మొన తేలిన చోట చేత్తో తడిమి చూసి సరిచెయ్యండి.

దాని మీద ఒక విశ్రాంతి పలక పెట్టండి. కుందేలు ఒళ్ళు చాపుకుని కూర్చునేంత ఉండాలి, అంటే పెద్ద జాతికి పది అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల పొడవు. వెదురు బద్దలతో చేసుకుంటే చవక. బద్దలు నున్నగా చెక్కాలి, కణుపుల దగ్గర గరుకు తియ్యాలి, బద్దకీ బద్దకీ మధ్య అర అంగుళం సందు వదలాలి. మేకు తలలు పైకి రాకూడదు. ఒక్కో కుందేలుకి రెండు పలకలు చేసి పెట్టుకోండి. ఒకటి కడిగి ఎండలో పెడితే ఇంకోటి వాడుకోవచ్చు. కుందేళ్ళ కోసం అమ్మే ప్లాస్టిక్ ఫుట్‌మ్యాట్లు కూడా బాగానే ఉంటాయి. ప్లైవుడ్ ముక్క మాత్రం మూత్రం పీల్చుకుని వాసన పడుతుంది, వాడితే తరచుగా మార్చాలి.

పుండు ఉన్న కుందేలుకి పలక చాలదు. దాన్ని విడిగా, గట్టి అడుగున్న పెట్టెలో గానీ గది మూలలో గానీ పెట్టి, పొడి వరిగడ్డి లేదా ఎండుగడ్డి మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. చేత్తో గట్టిగా నొక్కితే కింద నేల తగలకూడదు. తడిసిన గడ్డి రోజూ తీసెయ్యండి. బూజు పట్టిన గడ్డి వద్దు.

పరవకూడనివి: వరి ఊక గుచ్చుకుంటుంది, దుమ్ము పుండులో చేరుతుంది. రంపపు పొట్టుకి కూడా దుమ్ము ఎక్కువ. కొబ్బరి పీచు వేళ్ళకి చుట్టుకుంటుంది. గోనె సంచి తడిని పట్టి ఉంచుతుంది, దారాలు గోళ్ళకి పడతాయి. షెడ్డులో వాసన పోవాలని కుందేళ్ళ కింద సున్నం చల్లే అలవాటు కొందరికి ఉంది. తడి పాదానికి సున్నం తగిలితే కాలుతుంది, అది పూర్తిగా మానెయ్యండి. కేజ్‌ని శుభ్రం చెయ్యాలంటే కుందేలుని బయటికి తీసి, కడిగి, పూర్తిగా ఆరాక ఫ్లేమ్ గన్‌తో వెంట్రుకలు కాల్చి, చల్లారాకే లోపల పెట్టండి.

రెండో పని: పుండు కడగడం

మొదటి దశకి పాదానికి ఏమీ రాయక్కర్లేదు. మిగిలిన వెంట్రుకలు కత్తిరించకండి, దానికున్న మెత్తటి పరుపు అదే.

రెండో దశకి, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు మూడో దశకి, ఇలా చెయ్యండి.

1. అర లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి, గీసిన ఒక టీస్పూను ఉప్పు కలపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో పాదం కడగండి. రుద్దకండి. పక్కు పీకకండి.

2. పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని మరిగించి చల్లార్చిన నీళ్ళలో లేత టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా పల్చన చేసి దానితో తుడవండి. నేరుగా చిక్కటిది పొయ్యకండి, కొత్తగా వచ్చే చర్మాన్ని అది దెబ్బతీస్తుంది. స్పిరిట్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు.

3. పొడి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరబెట్టండి. తడి పాదంతో గడ్డి మీద వదిలితే చేసిన పనంతా వృథా.

4. పుండు తెరుచుకుని ఉంటే డాక్టరుని అడిగి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము పల్చగా రాసి, అంటుకోని గాజుగుడ్డ, దాని మీద దూది పొర, పైన మెత్తటి కట్టు వెయ్యండి. వేళ్ళ కొసలు బయటికి కనబడాలి. రోజుకి రెండుసార్లు ఆ వేళ్ళు చూడండి. ఉబ్బినా, చల్లబడినా కట్టు బిగుసుకుందని అర్థం, వెంటనే విప్పండి. కట్టు తడిస్తే మార్చాల్సిందే. తడి కట్టు కన్నా కట్టు లేకపోవడం మేలు.

మన ఇంటి మందుల సంగతి

ప్రకృతి వ్యవసాయం చేసే మనందరికీ మొదట చెయ్యి వెళ్ళేది పసుపు, వేపనూనె, ఆవు మూత్రం, బూడిద మీదకే. దీని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కుందేలు రోజంతా తన ఒంటిని నాకి శుభ్రం చేసుకుంటుంది. పాదానికి రాసింది గంటలో నోట్లోకి పోతుంది. వేపనూనె చేదు వల్ల మేత మానేస్తే పుండు కన్నా అదే పెద్ద ప్రమాదం. పసుపు ముద్ద, బూడిద పైన గట్టి పెచ్చు కట్టి కింద తడిని, చీముని మూసి పెడతాయి. లోపల ఏం జరుగుతోందో మనకి కనబడదు. తేనెకి పుండు మాన్పే గుణం ఉంది, కానీ మన షెడ్లలో చీమలు, ఈగలు ఊరుకోవు. అది కట్టు లోపల, డాక్టరు చెబితేనే.

ఇక జీవామృతం, పంచగవ్యం. నేలలో కోట్ల సూక్ష్మజీవుల్ని పెంచడానికి మనం తయారు చేసుకునే ద్రావణాలవి. నేలకి అమృతమే. తెరిచిన పుండుకి మాత్రం కాదు. పేడ, మూత్రం ఉన్న దేన్నీ పుండు మీద వెయ్యొద్దు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చే చర్మం క్రీములతో కూడా జాగ్రత్త. చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసోల్ లాంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. అవి కుందేలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, పుండు మానడాన్ని ఆపేస్తాయి. ట్యూబు మీద పేర్లు చదవకుండా రాయకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

- పుండు తెరుచుకున్నా, రక్తం వస్తున్నా
- వాపు, చీము, వాసన ఉన్నా
- పది పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు చిన్నవై తగ్గిపోయినా
- పుండులో ఈగ పురుగులు కనబడినా, ఇది ఆ గంటలోనే వెళ్ళాల్సిన పని
- నేల మార్చి వారమైనా ఎరుపు తగ్గకపోయినా

కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. నొప్పితో మేత మానేస్తే పేగులు ఆగిపోతాయి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కాలి పుండుతో కుందేలు చచ్చిపోతుందా అని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. అందుకే నొప్పి తగ్గించే మందు వైద్యంలో ముఖ్యమైన భాగం. సాధారణంగా డాక్టర్లు మెలోక్సికామ్ ఇస్తారు. మోతాదు బరువుని బట్టి వాళ్ళే చెప్పాలి. మనుషుల నొప్పి మాత్రలు మీ అంతట మీరు వెయ్యొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం, దీన్ని రాసి పెట్టుకోండి. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ యాంటీబయాటిక్‌లు కుందేలుకి నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం తయారుచేసేవి పెరిగి, విరేచనాలతో చనిపోతుంది. మేకకి మిగిలిన మందు, పిల్లాడికి మిగిలిన సిరప్ కుందేలుకి పొయ్యడం అందుకే ప్రమాదం. కుందేళ్ళ విషయం తెలిసిన పశువైద్యుణ్ణే అడగండి. గడ్డని మీరు కొయ్యకండి. కుందేలు చీము జున్నులా గట్టిగా ఉంటుంది, కోస్తే కారిపోదు, లోపల పొరతో సహా తియ్యాల్సి వస్తుంది. డాక్టరు దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే 1962కి ఫోన్ చేసి అడగండి.

"మేం ప్రకృతి వ్యవసాయం కదా, యాంటీబయాటిక్ వాడొచ్చా?" అని కొందరు మొహమాటపడతారు. వేరే దారి లేనప్పుడు జంతువు బాధ తీర్చడానికి మందు వాడటాన్ని సేంద్రియ ప్రమాణాలు కూడా ఒప్పుకుంటాయి. మూగజీవాన్ని నొప్పితో ఉంచడం ఏ పద్ధతిలోనూ ప్రకృతి వ్యవసాయం అవ్వదు. మందు వాడినన్ని రోజులు, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులు, ఆ కుందేలు పెంటికలు, మూత్రం మన ఎరువు కుప్పలో, ద్రావణాల్లో కలపకుండా విడిగా ఉంచండి. మాంసానికి అమ్మేవాళ్ళు ఆ గడువు ఎంతో తప్పకుండా అడిగి పాటించాలి.

మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలి?

బరువు: వీపు మీద చెయ్యి వేసి నిమిరితే వెన్నెముక గుండ్రంగా తగలాలి. అసలు తగలకపోతే కొవ్వు ఎక్కువైంది. దాణా కొద్దికొద్దిగా తగ్గించి ఎండుగడ్డి, గరిక, దశరథ గడ్డి లాంటివి పెంచండి. ఒక్కసారిగా మార్చకండి, కడుపు పాడవుతుంది.

గోళ్ళు: నెలా నెలన్నరకి ఒకసారి కొసలు కత్తిరించండి. గోరులో ఎర్రగా కనబడే రక్తనాళం తగలకూడదు. నల్ల గోళ్ళైతే వెనక నుంచి టార్చి వేసి చూడండి.

కదలిక: రోజూ కొంతసేపు కుక్కలు, పిల్లులు రాని చోట మట్టి నేల మీద, గడ్డి మీద వదలండి. గంట సేపు మట్టిలో తవ్వుకుంటే కాళ్ళు బాగుంటాయి, గోళ్ళూ అరుగుతాయి. టైల్స్ మీద తిరిగే ఇంటి కుందేళ్ళకి కూర్చునే చోట మందపాటి చాప గానీ పరుపు గానీ వెయ్యండి.

మూత్రం సేకరణ: పొలానికి మూత్రం పట్టుకునేవాళ్ళు కేజ్ కింద రేకుకి సరిపడా వాలు పెట్టండి. నిలిచిన మూత్రం ఆవిరి పైకే వస్తుంది.

కొనేటప్పుడు: అందరూ చెవులు, కళ్ళు చూస్తారు, పాదాలు ఎవరూ తిప్పి చూడరు. డబ్బు ఇచ్చేముందు నాలుగు పాదాలూ చూడండి. మంచి నేల మీద ఉండి కూడా మళ్ళీ మళ్ళీ పుండ్లు వచ్చే కుందేలు పిల్లల్ని బ్రీడింగ్‌కి ఉంచకండి. పల్చటి పాదం పిల్లలకీ వస్తుంది.

రెండో దశలో పట్టుకుంటే రెండు మూడు వారాల్లో చర్మం గట్టిపడటం చూస్తారు. మచ్చ పడ్డ చోట వెంట్రుకలు మళ్ళీ రాకపోవచ్చు. ఆ పాదానికి రక్షణ తక్కువ కాబట్టి ఆ కుందేలుకి జీవితాంతం మెత్తటి చోటు కావాలి. నయమైంది కదా అని పాత మెష్ మీదకి పంపిస్తే నెల తిరక్కుండా మొదటికొస్తుంది.

ఈ రోజు సాయంత్రం మేత వేసేటప్పుడు మీ కుందేళ్ళ వెనక పాదాలు ఒక్కసారి తిప్పి చూడండి. ఏ కుందేలుకి ఏ దశలో ఉందో ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి, వచ్చే వారం పోల్చుకోవచ్చు. వెదురు పలక కొలతల్లో గానీ కట్టు విషయంలో గానీ సందేహం ఉంటే వీడియో కింద రాయండి, తెలిసినంతవరకు చెప్తాను. ఉంటాను, నమస్తే.